పాప బయటే ఉంది

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ పెద్దల నివాసం ఓడలా కాస్త ఒరుగుతుందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అంతమంది ఒక్కసారిగా నిద్రలోకి జారుకుంటే నేల మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది? నమ్మడం, నమ్మకపోవడం మన ఇష్టం. సరిగ్గా ఆ ఒరిగిన వేళలో అమ్మ లేచేది. చెప్పులు మంచం కిందే వదిలేసి, గోడ పట్టుకుని వసారా వెంట నడిచి, ఎవరి మంచం ఖాళీగా ఉంటే వారి దుప్పటి లాక్కుని పోయేది.

ఖాళీ మంచాలతో ఆగితే గొడవే లేదు. ఒకరోజు పక్కగది కండక్టరుగారు పడుకుని ఉండగానే ఆయన కింది దుప్పటి వచ్చేసింది. జీవితమంతా బస్సుల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. కుదుపులకు నిద్ర లేచే అలవాటు లేదు. డ్రైవరు ఎక్కడో బ్రేకు వేశాడనుకుని అటు తిరిగి పడుకున్నారట.

నివాసం చూసుకునే మేట్రన్‌కు మాత్రం ఇందులో నవ్వు కనిపించలేదు. అమ్మ కూతురు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగిస్తుంటే ఫోన్ చేసి పిలిపించింది. తీసిన దుప్పటి మడిచి పెట్టినా బాగుండేదని, సగం మడిచి కుర్చీల మీదా తలుపుల మీదా వేలాడేస్తోందని, ఎవరి కాలికైనా చుట్టుకుంటే తుంటి విరుగుతుందని చెప్పింది. ఈ వారం కూడా ఇలాగే సాగితే పై అంతస్తుకు మార్చక తప్పదంది.

పై అంతస్తు ఎలా ఉంటుందో కూతురికి తెలుసు. తలుపులకు బయట గడియలు. కిటికీలు ఎంత ఎత్తులో ఉంటాయంటే ఆకాశం కనబడుతుంది గానీ మనిషి కనబడడు. వసారా వెంట నడవకపోతే అమ్మ అమ్మగా మిగలదనిపించింది ఆమెకు.

ఎందుకంటే అమ్మ బతుకంతా నడకే. ఒక పెద్ద ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. ఒక్కో దుప్పటికి ఇద్దరు. చెరో రెండు చెంగులూ పట్టుకుని, బిగించి లాగి, ఒక్క విదిలింపు విదిలిస్తారు. తర్వాత ఒకరు నిలబడతారు, ఒకరు తమ చెంగులు తెచ్చి ఎదుటివారి చేతికిచ్చి, కింద వేలాడే మడత అందుకుని వెనక్కి నడుస్తారు. అమ్మకు జతగా పనిచేసే, మోకాళ్లు అరిగిన పెద్దక్క నిలబడేది. అమ్మ నడిచేది. ఆ నాలుగు గోడల మధ్యే అమ్మ భూమిని ఒక చుట్టు చుట్టి, రెండో చుట్టుకు బద్ధకించి ఆగిపోయిందని పెద్దక్క అనేది. అమ్మేమీ తక్కువ తినలేదు. ఒక చలి పొద్దున పొగమంచు కిటికీలోంచి లోపలికొస్తే దుప్పటనుకుని ఇద్దరూ దాన్నీ మడిచి అలమరలో పెట్టేశారని, ఎండాకాలం అలమర తెరిస్తే గదంతా చల్లబడిందని కూతురికి ఎన్నోసార్లు చెప్పింది. కూతురు చాలా పెద్దయ్యేదాకా నమ్మింది కూడా.

ఆ సాయంత్రం అమ్మ గదిలో ఒక దుప్పటి తలుపు మీద సగానికి వేలాడుతోంది. అమ్మ దాని ముందు నిలబడి ఎదురు చూస్తోంది. కూతుర్ని చూడగానే ముఖం విప్పారింది.

"వచ్చావా అక్కా. నీ మోకాళ్లు తగలెయ్య, ఎంతసేపటికీ రావు," అంటూ రెండు చెంగులు ఆమె చేతుల్లో పెట్టింది.

కూతురు కాదనలేదు. ఇద్దరూ బిగించారు, విదిలించారు. దుప్పటి గాలి నింపుకుని తెల్లగా పైకి లేచి, మేఘంలా వాళ్ల మధ్య నిలిచి, తీరిగ్గా దిగింది. అమ్మ నడవబోయి ఆగింది. వంగి దుప్పటి కిందికి చూసింది.

"పాప బయటుందా?"

"అమ్మా, నేనే పాపని. నీ కూతుర్ని."

అమ్మ కళ్లలో బెదురు పుట్టింది. ఇంత పెద్ద మనిషి పాపెలా అవుతుంది? మరి పాపేదీ? చెంగులు వదిలేసి మంచం కింద, తలుపు వెనక వెతకసాగింది.

అప్పుడు గుర్తొచ్చింది కూతురికి. బడి వదలగానే లాండ్రీకి పరుగెత్తడం, ఇద్దరాడవాళ్ల మధ్య పైకి లేచే దుప్పట్ల కింద ఆ చివరికీ ఈ చివరికీ ఉరకడం. ఒకసారి వెచ్చటి దుప్పట్ల కుప్పలో నిద్రపోతే చూసుకోకుండా ఆ కుప్పతోనే తోపుడుబండి ఎక్కించి పై వార్డుకు పంపేశారు. నర్సు కప్పబోయిన దుప్పట్లోంచి యూనిఫారంతో సహా పిల్ల ఊడిపడింది. ఆ రోజు నుంచి పాప బయటుందా అని అడగకుండా అమ్మ ఒక్క మడతా మూయలేదు. అవతలినుంచి పెద్దక్క జవాబు వస్తేగాని అడుగు వేసేది కాదు. తలుపుల మీద, కుర్చీల మీద సగం మడతలతో వేలాడే దుప్పట్లన్నీ ఆ జవాబు కోసమే ఆగి ఉన్నాయి.

ఆ జవాబు చెప్పాలంటే తను పెద్దక్క కావాలి, అమ్మకు కూతురు కాదు. కూతురు కింద పడ్డ చెంగులు తీసి అమ్మ చేతికిచ్చి, మోకాళ్లు నొప్పి పెడుతున్న మనిషిలా గొంతు బరువు చేసుకుని చెప్పింది.

"బయటే ఉంది. రా పిల్లా."

అమ్మ నడిచింది. చెంగులు వేళ్లకు వేళ్లు ఆనించి అప్పగించి, కింది మడత అందుకుని చిన్నపిల్లలా చకచకా వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది. దుప్పటి పుస్తకమంత అయ్యాక దాన్ని అరచేత్తో నిమిరి, "దానికి ఆకలేస్తుంటుందక్కా, గబగబా కానిద్దాం," అంది.

వేలాడేవన్నీ ఆ సాయంత్రమే దిగాయి. మేట్రన్ ఆ దొంతరను నాలుగు వైపులనుంచీ చూసింది. అంచు దాటిన దారం కూడా దొరకలేదు. కూతురు విషయమంతా చెప్పి, తను లేని రోజుల్లో అవతలి చివర పట్టుకోవడానికి కండక్టరుగారిని బతిమాలింది. "నిలబడి చేసే ఉద్యోగమే కదమ్మా, అలవాటే," అన్నారాయన. మర్నాటి నుంచి ఉతికి ఆరిన బట్టల బుట్ట నేరుగా వసారాలోకే రాసాగింది. పై అంతస్తు మాట మేట్రన్ మళ్లీ ఎత్తలేదు.

తర్వాతి సెలవు రోజున కూతురు వచ్చేసరికి దుప్పటి అప్పుడే గాల్లోకి లేచింది. ఆమె కిటికీ దగ్గర ఆగిపోయింది. అమ్మ వంగి అడిగింది. కండక్టరుగారు అలవాటుకొద్దీ "రైట్ రైట్" అనేశారు. అమ్మ కదల్లేదు. ఆయన నాలిక కరుచుకుని, కిటికీ వైపు గడ్డం ఎగరేసి, "బయటే ఉంది, అదిగో. రా పిల్లా," అన్నారు.

అమ్మ అటు తిరిగింది. వెలుగుకు కళ్లు చికిలించి కిటికీ దగ్గరి మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది.

"చూశావా అక్కా, ఎంత పొడుగైపోయిందో," అని నవ్వుకుంటూ చెంగులు ఎత్తి పట్టుకుని నడిచింది.