ఒక్కపొద్దులో క్రియాటిన్

పొద్దున ఎనిమిదింబావుకు, రోజూలాగే, నా భార్య సుగుణ కౌంటరు మీద మంచినీళ్ల బిందె పెట్టింది. 2012 ఎండాకాలం. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర మా మెడికల్ షాపు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు మొదటి మాత్ర మా ఎదుటే వేసుకుని వెళ్లాలని ఆమె పట్టు.

ఆ రోజు మహమ్మద్‌నగర్ వైపు నుంచి సాయిలు వచ్చాడు. కుస్తీలు పట్టేవాడు. కుంటుతూ వచ్చి, కామారెడ్డిలో కొన్న క్రియాటిన్ డబ్బా ముందు పెట్టాడు.

“అన్నా, ఇది మాంసంల ఉంటదంటున్నరు. ఒక్కపొద్దుల తినొచ్చా?”

క్రియాటిన్ మన శరీరం తయారు చేసుకునేదే. మాంసం, చేపల నుంచి కూడా కొంత వస్తుంది. కండరాల్లో నిల్వ ఉండి, కొద్ది క్షణాల గట్టి ప్రయత్నానికి శక్తినిస్తుంది. డబ్బాలో పొడిని మాంసంతో చేయరు, ఫ్యాక్టరీలో రసాయనాలతో చేస్తారు. ఆరోగ్యవంతులు రోజుకొక చిన్న చెంచా తీసుకోవచ్చు. కిడ్నీ జబ్బుంటే డాక్టరును అడగాలి. కసరత్తు చేస్తే, కొన్ని వారాలకు ఫలితం తెలుస్తుంది. ఇదంతా చెప్పాను.

“మరి పిక్కలెందుకు పట్టేస్తున్నయే? ఎల్లుండే హనుమంతుని జాతరల కుస్తీ. రెండేండ్లు ఆఖరి పట్టుల ఓడిన. ఈసారి గూడ ఓడితే బాపు కుస్తీ బంద్ చేయిస్తడు.”

“ఎట్ల తింటున్నవ్?” సుగుణ అడిగింది.

“వట్టిగనే నాకుతున్న వదినా. నీళ్లు తాగితే ఒక్కపొద్దు చెడుతది. పొద్దుగూకినంక తాగుత.”

“పొడి తింటే చెడని ఒక్కపొద్దు నీళ్లు తాగితే చెడుతదా? గిదెక్కడి భక్తి?”

సాయిలు నవ్వాడు గాని ఆమె ముంచి ఇచ్చిన గ్లాసు ముట్టలేదు. వారం నుంచీ ఎండలో కసరత్తు, పగలంతా చుక్క నీరు లేదు. పిక్కలు పట్టేది అందుకే, పొడి వల్ల కాదని చెప్పాను. వినలేదు.

“హనుమంతుడు నిన్ను ఎండిపొమ్మన్నడా? తాగు. పాపమైతే నాకు రానీ,” అంది సుగుణ.

కళ్లు మూసుకుని తాగాడు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి పంపాను.

జాతర మర్నాడు తండ్రితో వచ్చాడు. చేతికి గెలిచిన వెండి కడెం.

“గా పొడి మంచిగ పనిచేసింది సేటూ,” అన్నాడు తండ్రి. పది రోజుల్లో పొడి అంత చేయదని, అది ఏండ్ల సాధన అని చెప్పాను. సాయిలు కడెం తీసి సుగుణ ముందు పెట్టాడు.

“అది తర్వాత చూస్త. ముందు నీళ్లు తాగుండ్రి,” అంది.

అప్పటి నుంచి ఏ మందు అడిగినా, ఎలా తీసుకుంటున్నారని నేనూ అడుగుతున్నాను. ఆ ప్రశ్న ఆమెది. 2014లో సుగుణ పోయింది.

కౌంటరు మీద ఇప్పుడు బిందె పెట్టడం లేదు.