బంద్ రోజుల కుస్తీ

పదకొండేళ్లు కరాటే నేర్చుకున్న మనిషిని సిటీ బస్సులో ఒక లావుపాటి పెద్దమనిషి కదలకుండా పట్టేశాడంటే మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కి, సీటు దగ్గర మాటా మాటా అనుకున్నాం. ఆయన కొట్టలేదు. రెండు చేతులూ నా నడుం చుట్టూ వేసి, కోపంగా కౌగిలించుకుని, ఎల్బీనగర్ దాకా వదల్లేదు. ఆ రద్దీలో కాలెత్తడానికి చోటు లేదు, గుద్దడానికి చేయి ఖాళీ లేదు. నేను దిగాల్సిన కొత్తపేట దాటిపోయింది. కండక్టర్ మా ఇద్దరినీ చూసి, "దోస్తులా?" అని అడిగాడు.

కరాటేతో పాటు ఇంకో విద్య నేర్వాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. చిక్కల్లా మా సార్‌తోనే. గుంటూరు వైపు నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద రేకుల షెడ్డులో క్లాసు నడిపేవారు. "ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవురా" అన్నది ఆయన సిద్ధాంతం. ఇంకో గురువు గుమ్మం తొక్కినవాడు మళ్లీ తన మెట్లెక్కనక్కర్లేదనేవారు. నాలుగు నెలల్లో నా బ్లాక్ బెల్ట్ పరీక్ష. పదకొండేళ్లు దాని కోసమే ఆ మెట్లెక్కాను.

కాబట్టి దొంగచాటుగా వెతికాను. ఎల్బీనగర్‌లో జూడో ఉంది గానీ, అక్కడి మాస్టారు మా సార్‌తో రోజూ చాయ్ తాగుతాడు. తైక్వాండోలో అన్నీ తన్నులే, నాకు కరువైనవి తన్నులు కావు. బాక్సింగ్ అనగానే మా అమ్మ అడ్డం పడింది. "ముక్కు వంకర పోతే పిల్లనెవరిస్తరు బిడ్డా? పెండ్లయినంక గుద్దిచ్చుకో" అంది. ఆ విషయంలో ఆమెకు అనుభవం ఉన్నట్టే అనిపించి ఊరుకున్నాను.

చివరికి బందే నాకు దారి చూపించింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపు మీదున్న రోజులు. నేను పనిచేసే ఎలక్ట్రికల్ షాపు మూసి ఉంది. చంపాపేట్ నుంచి ఊరికే నడుచుకుంటూ సైదాబాద్ దాకా పోయాను. రోడ్డు పొడుగునా షట్టర్లు దించేసి ఉన్నాయి. ఒక గల్లీలోంచి దబ్బు దబ్బుమని చప్పుడు వస్తోంది. చూస్తే తాలీం, కుస్తీ నేర్పే చోటు. నాలుగు గోడలు, ఎర్రమట్టి, లంగోటాల్లో ఆరుగురు మనుషులు. దానికి షట్టరే లేదు, ఇక బంద్ ఎక్కడిది?

గడప దగ్గర నిలబడి, కాళ్లు దగ్గరకు చేర్చి, కరాటే పద్ధతిలో నడుం వంచి, కుస్తీ నేర్పే ఉస్తాద్‌కు దండం పెట్టాను.

"ఏం పడ్డదిరా కింద?" అన్నాడు ఉస్తాద్, నేలంతా వెతుకుతూ.

బంద్ పడి షాపు మూసినప్పుడల్లా అక్కడికే పోయేవాణ్ని. మొదటి నెల నాకు కుస్తీ నేర్పలేదు. పార ఇచ్చాడు. కొత్తగా వచ్చినవాడు మట్టి తవ్వాలి, పసుపు, నూనె కలపాలి, పాదంతో చదును చెయ్యాలి. ముందు వచ్చినవాడు చెప్పినట్టు వెనక వచ్చినవాడు వినాలి, వయసుతో పని లేదు. బరిలోకి దిగేముందు మట్టిని తాకి నుదుటికి అద్దుకోవాలి, తొడ కొట్టాలి. రెండో నెల నుంచి పట్లు నేర్పాడు. బస్సు పెద్దమనిషి మళ్లీ దొరకాలని రోజూ మొక్కుకునేవాణ్ని.

సార్ క్లాసు బంద్ రోజుల్లోనూ ఉండేది, నడిచొచ్చేవాళ్ల కోసం. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను మాయం. "ఎక్కడికి పోయావురా?" అని అడిగితే, "ధర్నాకు పోయిన సార్" అనేవాణ్ని. ఎదురు ప్రశ్న వేయడానికి వీల్లేని అబద్ధం దొరికిందని మురిసిపోయాను. కొన్నాళ్లకు సార్ అడగడమే మానేశారు. పదకొండేళ్లు ఒరేయ్ అని పిలిచిన మనిషి "మీరు రండి, మీరు కూర్చోండి" అనసాగారు. బ్లాక్ బెల్ట్ దగ్గరపడింది కదా, మర్యాద పెరిగిందనుకున్నాను. నా తెలివి అట్లా తెల్లారింది.

పరీక్ష రోజున బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చారు. ఒంటరిగా వరసలు వేసి చూపించే కటాలన్నీ బాగా చేశాను. చివరిది పోటీ. ఎదుటివాడు వంగి దండం పెట్టాడు. నా చేతులు నన్నడగలేదు. చాపను తాకాయి, నుదుటికి అద్దుకున్నాయి, ఆపైన తొడ కొట్టాయి. వాడు తన్నాడు. ఆ కాలు పట్టుకుని, కిందికి దూరి, ఎత్తి పడేసి, రెండు భుజాలూ చాపకు అదిమి మీద కూర్చున్నాను. చప్పట్ల కోసం తలెత్తాను. ఎగ్జామినర్ నా కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశారు.

సార్ నన్ను మెట్ల దగ్గరికి తీసుకుపోయారు.

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"సైదాబాద్ తాలీంల సార్."

"ఎప్పుడు?"

"బంద్ రోజులల్ల."

"మరి ధర్నాకన్నారు?"

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. సార్ చూపు చెప్పుల వైపు తిప్పుకున్నారు. "క్లాసులో సగంమంది మానేశారు కదా, వాళ్ల సంగతి వేరు. మీరు కూడా, నేను గుంటూరు వైపువాణ్ననే మొహం చాటేస్తున్నారనుకున్నాను. పొమ్మనాలో రమ్మనాలో తెలియలేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. బెల్ట్ పోయినందుకు కాదు. తప్పించుకోవడానికి ఆడిన అబద్ధం నాలుగు నెలలు ఈ మనిషిని తినేసింది.

"మిమ్మల్ని ఇడిసి యాడికి పోత సార్?" అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. "అయితే కుస్తీ కోసమా? ఒరేయ్ దొంగసచ్చినోడా!" అని వీపు మీద ఒక్కటి చరిచారు. ఆ దెబ్బంత హాయి నాకు మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. ఆ తర్వాత, ఎవరూ వినడం లేదు కదా అని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగారు.

"ఆ కాలు ఎట్టా పట్టావురా?"

తర్వాతి బంద్ రోజున ఇద్దరం ఖాళీ రోడ్డు మీద సైదాబాద్ నడిచాం. సార్ గడపలో నిలబడి నడుం వంచారు.

"నీదేం పడ్డదే?" అన్నాడు ఉస్తాద్. "యే ఊరు?"

సార్ ఒక్క క్షణం నన్ను చూశారు. "గుంటూరు వైపండి."

"గట్లనా. పార గా మూలకున్నది." నా వైపు వేలు చూపించాడు. "గీడు నీకంటె ముందొచ్చిండు. ఈడు జెప్పినట్టు ఇను."

సార్ ప్యాంటు పైకి మడిచి పార అందుకున్నారు. పదకొండేళ్లు నా చేత దండీలు తీయించిన మనిషి.

"ఎంతసేపు తవ్వాలిరా?"

"నేను ఆపమనేదాంక సార్" అన్నాను.