నలభై మిల్లీసెకన్లు

నాగరాణిది నల్గొండ జిల్లా కట్టంగూరు. ఆమె బాపు జానయ్య గొర్లు కాసేవాడు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగీ తాగీ యాభై ఏళ్ళకే ఆయన మోకాళ్ళు బిగుసుకుపోయాయి. కూర్చుంటే లేపడానికి ఒక మనిషి కావాలి. ఎముకలను ఇట్లా చేసిన నీళ్ళు మెదడును ఏం చేస్తాయి? ఆ ప్రశ్నే ఆమెను నాడీశాస్త్రంలోకి లాక్కెళ్ళింది.

తెలంగాణ వచ్చిన మూడేళ్ళకు, నల్గొండ జిల్లాలో ఆరొందల మంది పిల్లలకు ట్యాబు మీద ఆటలాంటి పరీక్ష పెట్టింది. తెర మీద చుక్క కనబడగానే వేలు ఆనించాలి, అంతే. ఫ్లోరైడ్ ఊళ్ళ పిల్లలు పట్నం పిల్లలకంటే సగటున నలభై మిల్లీసెకన్లు వెనకబడ్డారు. రెప్పపాటు కూడా కాదు గాని, మెదడు లెక్కలో అది పెద్ద తేడా. 2018లో ఒక పరిశోధన పత్రికలో వ్యాసం అచ్చయింది. ఐదేళ్ళలో నూట ముప్ఫై పరిశోధనలు దాని మీద ఆధారపడ్డాయి. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో ఆమెకు ఉత్తరాలు రాశారు.

అదే పరీక్షను మహబూబ్‌నగర్ జిల్లాలో మళ్ళీ చేసింది ఆ జిల్లాకే చెందిన ఆమె విద్యార్థిని అక్షిత. ఒక మధ్యాహ్నం రెండు ట్యాబులు పట్టుకొని నాగరాణి గదిలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, మా దిక్కు తేడా వస్తలేదు."

"పిల్లలు తక్కువున్నరేమో."

"నాలుగు వందల మంది, మేడం. అందరికి ఒకే తీరు కొత్త ట్యాబులిచ్చిన. నాకు గూడ నమ్మబుద్ధి కాలే. గందుకే మీ అప్పటి ట్యాబులు తీసి పరీక్ష చేసిన. కొత్తయిటికంటె పాతయి వేలు పెట్టినంక ఆలస్యంగ గుర్తువడుతున్నయ్."

"ఎంత?"

"ముప్ఫై ఎనిమిది మిల్లీసెకన్లు."

నాగరాణికి గుర్తొచ్చింది. ఊళ్ళకు పాత ట్యాబులు పంపింది తనే. గుంతల రోడ్లు, పగిలితే పాతవే పగలనీ అనుకుంది. కొత్తవి పట్నం బడికి పోయాయి. వెనకబడింది పిల్లలు కాదు, ట్యాబులు.

"ఎవ్వరికన్న చెప్పినవా?" అనడిగింది.

"లేదు మేడం."

అమ్మాయి ఒక అడుగు తలుపు వైపు జరిగింది. ఆమె పీహెచ్‌డీ మీద సంతకం పెట్టాల్సింది నాగరాణే. తనను చూసి ఒక మనిషి ఇంతగా భయపడటం నాగరాణి చూడటం అదే మొదటిసారి. అయినా ట్యాబులు బీరువాలో పెట్టి తాళం వేసింది.

పదకొండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. పన్నెండో రోజు మోగిన ఫోన్, పరీక్ష జరిగిన ఒక ఊరి బడి హెడ్‌మాస్టరమ్మ నిర్మలమ్మది.

"మీరే రాసినరు గద మేడం, మా పిల్లల మెదళ్ళు మెల్లగ పనిచేస్తయని," అందామె ప్రేమగా. "గందుకే మేం పెద్ద లెక్కలు బంద్ చేసినం. పాపం, పోరగాండ్లను ఎందుకు సతాయించాలె?"

 నాగరాణి ఫోన్ పెట్టేసి, ఆ పత్రికకు ఉత్తరం రాయడం మొదలుపెట్టింది.  నీళ్ళు మంచివని ఎవరైనా అనుకుంటారేమోనన్న భయంతో, ఎముకలకు వాటి వల్ల జరిగే హాని నిజమేనని రెండుసార్లు రాసింది. తప్పు కనిపెట్టింది అక్షిత అని పేరు పెట్టి రాసింది.

పత్రిక వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. ఆమెకు రావాల్సిన ప్రొఫెసర్ పదవి ఇంకొకరికి పోయింది. ఆమెకు చదువు చెప్పిన ఎల్లస్వామి సారు "మనందర్ని బద్నాం చేసినవ్" అని మాట్లాడటం మానేశాడు. చాలా ప్రయోగశాలలు మాత్రం తమ పరికరాలు తీసి చూసుకున్నాయి. కొన్నింట్లో అదే లోపం బయటపడింది.

నిర్మలమ్మ వాళ్ళ బడిలో తల్లిదండ్రులను కూర్చోబెట్టి నాగరాణి స్వయంగా చెప్పింది. రెండో తరగతిలో ఆ ట్యాబు పరీక్షలో పాల్గొని, ఇప్పుడు ఎనిమిదిలో ఉన్న పిల్ల తల్లి సత్తమ్మ లేచింది.

"అయితే మా పోరి దిమాగ్ మంచిగున్నట్టేనా?"

అవునందామని నోటి దాకా వచ్చింది. "అది నాకు తెల్వది సత్తమ్మా. నేను చెప్పింది తప్పని మాత్రం తెలుసు."

సత్తమ్మ కూర్చోలేదు. "ఐదేండ్లు దాన్ని మొద్దుదన్న మేడం. నా నోటితోని."



ఇప్పుడు అన్ని చోట్లా ఒకే రకం ట్యాబులతో పరీక్ష మళ్ళీ జరిగింది. ఫలితాలు వచ్చి వారమైంది. ఆ ఫైలు తెరవడానికి ఆమెకు ఇంకా ధైర్యం చాలలేదు.