డ్రిల్లు మాస్టారి సున్నపు గీత

మొన్న మంగళవారం వడ్డాదిలో బస్సు తిప్పుతుండగా టీకొట్టాయన కిటికీ దగ్గరికొచ్చి చెప్పాడు, మా డ్రిల్లు మాస్టారు పోయారని. ఇంజను ఆపేశాను. ప్యాసింజర్లు గొణిగారు. గొణగనీ, ఆయన లేకపోతే ఈ స్టీరింగు నా చేతిలో ఉండేదే కాదు.

చోడవరంలో చదువుకున్నవాళ్లకు ఆయన గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. సైకిలు హ్యాండిలుకు గుడ్డసంచి, అందులో పురికొస ఉండ, సున్నం పొడి. ఆటలపోటీలకు గ్రౌండులో గీతలు ఆయనే గీసేవారు. కాస్త వంగినా చెరిపేసి మళ్లీ గీసేవారు. "గీత తిన్నగుంటేనేరా, ఓడినోడు ఓడినట్టు" అనేవారు. పరుగుపందెంలో నేనెప్పుడూ ఆఖరే. అయినా నన్ను ఒక్కసారి కూడా కసురుకోలేదు.

మద్యనిషేధం ఉన్న రోజులవి. నేను చెరకు ట్రాక్టరు తోలేవాణ్ణి. బస్సు డ్రైవరు ఉద్యోగానికి పిలుపొచ్చింది, వారంలో వెళ్లాలి. గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు దింపడానికి వంతు కోసం రెండు రోజులు నిద్రలేకుండా కాచుకుని, పొద్దున్నే ఖాళీ ట్రాక్టరుతో వస్తుంటే ఒక కాంట్రాక్టరు జీపు ఎదురుగా రాంగుసైడులో వచ్చి నా బండిని గీరేసింది. ఆ కాంట్రాక్టరు ఎస్సైకి తెలిసినాయన. ఎస్సై వస్తూనే రోడ్డు పక్క మట్టిలో లాఠీతో గీత గీసి నన్ను నడవమన్నాడు. తూలాను. చుక్క నోట్లో పడి ఎరగను, కానీ కాళ్లు మాట వినలేదు.

"తాగేడు. రాసీ" అన్నాడు కానిస్టేబులుతో. కేసు పడితే ఉద్యోగం గల్లంతే.

అప్పుడే బడికి వెళ్తున్న మాస్టారు సైకిలు దిగారు. నా మొహం చూడలేదు, గీత చూశారు.

"గీతే వంకరండి. దీని మీద ఎవుడు తిన్నగా నడుస్తాడు?"

"నువ్వెవరయ్యా?" అన్నాడు ఎస్సై.

"డ్రిల్లు మాస్టార్నండి. గీతలు గియ్యడమే నా పని."

సంచిలోంచి పురికొస తీసి ఒక కొస కానిస్టేబులుకిచ్చారు. అతనూ ఆయన శిష్యుడే, అలవాటుకొద్దీ పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. అంత గండంలోనూ నాకు నవ్వొచ్చింది. మాస్టారు తారు రోడ్డు మీద సున్నం పోస్తూ గీత గీశారు.

"ఇప్పుడు ఇద్దరూ నడవాలి. ముందు జీపు బాబు."

"డ్యూటీకి అడ్డమొస్తే నిన్నూ లోపలేస్తాను" అన్నాడు ఎస్సై.

"ఎయ్యండి. లోపల కూడా గీత గీస్తాను."

చెరకు బళ్లు ఆగిపోయాయి, జనం మూగారు. జీపు బాబు కిందికి దిగలేదు. "నువ్వు నడరా, తొందరేటీ లేదు" అని మాస్టారు విజిలు ఊదారు. మెల్లగా నడిచాను, చివరిదాకా. అంతమంది చూస్తుండగా ఎస్సై కేసు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తర్వాత మాస్టారికి పైనుంచి మెమో వచ్చింది. క్షమాపణ రాయమని హెడ్మాస్టరు బతిమాలినా వినలేదు. "గీసేను. మళ్లీ గీస్తాను" అని రాసిచ్చారు. ఇప్పుడు అందరూ ఆయన్ని మెత్తటి మనిషని పొగుడుతున్నారు. కాదు, మొండి మనిషి. ఆ మొండితనమే నాకు అన్నం పెట్టింది.

అంత్యక్రియలకు సున్నం, పురికొస నేనే పట్టుకెళ్లాను. ఆ కానిస్టేబులు అడక్కుండానే రెండో కొస పట్టుకున్నాడు. ఆయన గుమ్మం నుంచి మెయిన్‌రోడ్డు దాకా గీశాం.

"ఇదేటి కొత్త ఆచారం?" అని ఎవరో పెద్దాయన గదిమాడు.

"మా మాస్టారిదండి" అన్నాను.

పాడె ఎత్తుకుని దాని మీదే నడిచాం. నాలుగడుగులకే నా కాళ్లు తూలాయి. రాసుకోండి, ఎవరికి కావాలంటే వాళ్లు రాసుకోండి. గీత మాత్రం తిన్నగానే ఉంది.