ఒడిలో కుందేలు, తెరమీద గీత

ఆవిణ్ణి మా పరిశోధనశాలలో అందరం కుందేలమ్మ అంటాం. పంజరాలు కడగడం, మేత వేయడం, రక్తం తీసేటప్పుడు కుందేలును ఒళ్లో పట్టుకోవడం ఆవిడ పని. ఎంత పెంకి కుందేలైనా ఆవిడ ఒళ్లోకి రాగానే కిక్కురుమనదు. భర్త పోయాక ఇంట్లో పలకరించే దిక్కులేని మనిషికి అదొక్కటే గొప్ప.

ఆడపడుచు ఫోన్ చేసి, “మనుషులెవరూ దొరకలేదా వదినా నీకు?” అని ఎగతాళి చేస్తే, “మనుషులు ఒళ్లో కుదురుగా కూర్చోరే!” అనేదట.

ఈమధ్య పద్ధతి మారింది. ఒక బూడిదరంగు కుందేలు మెడ దగ్గర రక్తనాళంలో వెంట్రుకంత సెన్సర్ పెట్టారు. రక్తంలోని సోడియం, పొటాషియం ఎప్పటికప్పుడు పక్కగది తెరమీద గీతలై నడుస్తుంటాయి. సూది లేదు, పట్టుకునే పనీ లేదు. అయినా అన్నం తిన్నాక ఆవిడ లోపలికెళ్లి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కబుర్లు చెప్పేది. కుళాయి కారుతోందనీ, పక్కవాటా వాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారనీ.

కొన్నాళ్లకు చిన్న డాక్టరమ్మ పిలిచింది.

“అక్కా, మధ్యాహ్నం లోపలికెవరు వెళ్తున్నారు? రోజూ ఆ వేళకే పొటాషియం జారిపోతోంది.”

“నేనేనమ్మా. ఊరికే ఎత్తుకుంటున్నా.”

“భయపడితే అలా జారుతుందక్కా.”

“భయమా? నా దగ్గరా? చెవైనా కదపదే!”

డాక్టరమ్మ కాస్త తటపటాయించింది. “కుందేలు మరీ భయపడితే కదలదక్కా. బిగుసుకుపోతుంది.”

“మీ మిషనుకే ఏదో రోగం. చూస్తూ ఉండండి” అని ఆవిడ విసురుగా లోపలికెళ్లి దాన్ని ఎత్తుకుంది. గాజుగోడలోంచి తెర కనిపిస్తూనే ఉంది. ఒళ్లో కుందేలు బొమ్మలా ఉంది. గీత జారుతోంది. వీపు నిమిరింది. ఇంకా జారింది.

దించేసి బయటికొచ్చి నిలబడింది. చాలాసేపటికి గీత మెల్లగా పైకెక్కింది. లోపల కుందేలు వెనక్కాళ్లు బారజాపుకుని, పక్కకి ఒరిగి పడుకుంది. ఇన్నేళ్లలో ఏ కుందేలూ తన ముందు అలా పడుకోవడం ఆవిడ చూడలేదు.

“అన్నిటినీ ఎంత హడలగొట్టానో! నోరులేనివి, పాపం” అంది నాతో, కొంగు వేలికి చుట్టుకుంటూ.

ఇప్పుడు మేత వేసి, నీళ్లు మార్చి, చప్పుడు కాకుండా తలుపు మూసి వచ్చేస్తుంది. మధ్యాహ్నం తెర ముందు స్టూలు వేసుకుని కూర్చుంటుంది.

“ఇక్కణ్ణుంచి కబుర్లేమైనా చెబుతావా కుందేలుకి?” అని అడిగాను.

“ఏం చెప్పను? హాయిగా ఉంది కదా” అంది.