ప్రెస్సు ముందు బావ

ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీని రోలర్ల మధ్య వేసి దొర్లిస్తుంటే నాకెప్పుడూ ఎవరినో కింద పడేసి చితకబాదుతున్నట్టే ఉంటుంది. కడ్డీ అటూ ఇటూ పొర్లుతుంది, సన్నబడుతుంది, సాగుతుంది. పైపొర ముందుకు సాగిపోతే లోపలి ఇనుము వెనకబడుతుంది. అందుకే తయారైన షాఫ్టుకు, అంటే యంత్రంలో తిరిగే ఇరుసుకు, రెండు కొసల్లోనూ గుంట పడుతుంది. ఆ గుంట ఉన్నంత మేరా కోసి పారేయాలి. మూసాపేటలో షెడ్డు నడిపే మా బావకు మాత్రం కోయడమంటే ప్రాణం పోయినట్టుండేది. కొస ఎర్రగా ఉండగానే సుత్తితో బాది గుంట మూతి మూసేసేవాడు. పైకి నున్నగా కనిపించేది. లోపల మడత అలాగే ఉండేది, గట్టిగా నొక్కితే అక్కడే చీలుతుంది.

నేను హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. లోహం ఎక్కడ సాగుతుందో, ఎక్కడ చీలుతుందో కంప్యూటర్ మీద లెక్కగట్టడమే నా ఉద్యోగం. బావకు చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. కడ్డీ కొసలను ముందే పెన్సిల్ మొనలా చెక్కు, లోపలి ఇనుము ముందుకు పొడుచుకుని ఉంటుంది, పైపొర సాగి దాన్ని అందుకుంటుంది, గుంట తగ్గిపోతుంది అని.

"మూతి మూసుకపోయింది గదా బామ్మర్ది, ఇగ ఫికరేంది? నీ కంప్యూటర్ ముచ్చట్లు నీ ఆఫీసుల చెప్పుకో" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది.

నా భయం షాఫ్టు గురించి కాదు, అక్క గురించి. ఆ షెడ్డులో వంకరపోయిన షాఫ్టులను ప్రెస్సు యంత్రం కింద పెట్టి, నొక్కి సరిచేసేది ఆయన పెళ్లాం, మా అక్కే. వంపు పోయిందో లేదో చూడటానికి ముఖాన్ని కొస దాకా వంచి లివర్ నొక్కేది. మధ్యలో అడ్డం ఏమీ ఉండేది కాదు.

మొన్న ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. బోరబండ మీదుగా దవాఖాన దాకా బండి ఎలా తోలానో నాకే తెలియదు. బావ మూసిన కొస ప్రెస్సు కింద ఫట్‌మని చీలి, పెచ్చు ఎగిరి అక్క ఎడమ కంట్లో దిగింది. ఆ కన్ను ఇక పనికిరాదని దవాఖానలో చెప్పేశారు. అక్కడి నుంచి నేను నేరుగా షెడ్డుకు వెళ్లి బావను కాలర్ పట్టుకుని గోడకేసి కొట్టాను. పెదవి చిట్లింది, పన్ను ఊడింది. ఆయన చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. దాంతో నాకు ఇంకా మండి ఇంకా కొట్టాను. పక్క షెడ్డువాళ్లు వచ్చి నన్ను లాగేశారు.

కట్టు విప్పిన మర్నాడే అక్క నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చింది. బావ మళ్లీ సుత్తి పట్టుకుని కొసలు బాదుతున్నాడు. ఆర్డరు ఆగకూడదట. అక్క ఆ పొద్దున బాదిన వాటిలోంచి చల్లారిన షాఫ్టు ఒకటి తెచ్చి ప్రెస్సు కింద పెట్టింది. తన స్టూలు ముందుకు లాగింది.

"కూసో" అంది బావతో.

"ఏందే?"

"కూసోమంటున్న. నేను పెట్టినట్టే మొఖం పెట్టి సూడు."

బావ నా వైపు చూశాడు. నేను ఆయన భుజాలు పట్టి కూర్చోబెట్టి మెడ వంచాను. అక్క లివర్ మీద చెయ్యి వేసింది.

"వద్దే, నీ కాల్మొక్త" అన్నాడు బావ.

"నాకు ఒక్కనాడన్న వద్దన్నవా?" అని అక్క నొక్కింది.

ఇనుము కిర్రుమంది. బావ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నేను మెడ వదల్లేదు. షాఫ్టు చీలాలని, చీలి ఆయన కంట్లోనే దిగాలని మనసులో దేవుడికి మొక్కుకున్నాను. అది చీలలేదు. అక్క లివర్ వదిలేసి, "లే. రేపటి సంది కొసలు చెక్కకుంటే ఈడ నువ్వే కూసుంటవ్" అంది.

ఇప్పుడు ప్రతి కడ్డీ మొన తేలాకే రోలర్లలోకి పోతుంది. గుంటలు చాలా తగ్గాయి, మిగిలింది కోసేస్తున్నారు. ప్రెస్సుకు అడ్డంగా ఇనుప జాలీ బిగించాం. నేను వెళ్లినప్పుడల్లా బావ తానే వెళ్లి చాయ్ తెస్తాడు. అక్క చూస్తుంటుంది కాబట్టి తాగుతాను. ఆ రోజు షాఫ్టు చీలనందుకు నాకు కడుపు మండుతూనే ఉంది.