మళ్ళీ అక్క కటింగ్ బల్ల

ఆ టైలరింగ్ షాపులో ఆమెను అందరూ 'మళ్ళీ అక్క' అనేవారు. కొలిచిన గుడ్డను మళ్ళీ కొలుస్తుంది, గీసిన సుద్దగీతను తుడిచి మళ్ళీ గీస్తుంది, ఇంటికి బయల్దేరాక ఇస్త్రీపెట్టె ఆపానో లేదోనని మళ్ళీ వెనక్కి వస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వారు గానీ, ఆమె కత్తిరించిన కోటు భుజం దగ్గర ముడత పడిందన్నవాడు ఒక్కడూ లేడు. ఏళ్ళ తరబడి కాజాలు కుట్టి, ఆడమనిషికి కత్తెరేమిటన్నవాళ్ళ నోళ్ళు మూయించి సంపాదించుకున్న బల్ల అది. ఆ బల్ల దగ్గర నిలబడితేనే తనూ ఒక మనిషినని ఆమెకు అనిపించేది.

అందరూ ఆమెను మహా జాగ్రత్తపరురాలు అనుకునేవారు. వాళ్ళకేం తెలుసు! అనుమానం ముదిరి ఊపిరాడనప్పుడు, ఆ బాధ ఎలాగోలా తీరితే చాలని ఏదో ఒకటి చేసిపారేసేది. ఒకసారి శుభ్రంగా ఉతికానో లేదో తేలక, కొత్త దుప్పటిని చెత్తబుట్టలో కుక్కేసింది. "ఓసీడీ అనే ఈ మళ్ళీ మళ్ళీ సరిచూసుకునే జబ్బు ఉన్నవాళ్ళలో కొందరికి ఇలాంటి తొందరపాటు కూడా ఉంటుందమ్మా. ఆ కాసేపూ పక్కనున్నవాళ్ళు ఆపితే చాలు" అంది ఆమెకు వైద్యం చేసే డాక్టరమ్మ.

పక్కనున్నది చెల్లెలే; ఆ మాటలు శ్రద్ధగా విన్నదీ తనే. అదే షాపులో మిషను కుట్టేది. ఆ రోజు నుంచి ఇద్దరి మధ్యా ఒక ఒప్పందం. అక్క వేళ్ళు నులుముకోవడం మొదలుపెడితే చెల్లెలు వచ్చి, మాట్లాడకుండా కత్తెర పట్టుకుపోవాలి. "టీ తాగొద్దాం పదక్కా" అనేది. తిరిగొచ్చేసరికి అక్క మనసు కుదుటపడేది. చెల్లెలుంది కదా అని ఎంత ధైర్యమో ఆమెకు.

ఒకనాడు ఒక పెద్దాయన, తండ్రి దాచిన ఉన్నిగుడ్డ కోటుకని తెచ్చాడు. వేలెడు కూడా మిగలని గుడ్డ. అక్క గీతలు గీసి, సరిచూసుకుని, కత్తెర కోసం చెయ్యి చాపబోతుండగా చెల్లెలు బల్ల దగ్గరికొచ్చింది.

"అక్కా, ఆయనకి ఒక భుజం దిగిందన్నావు. ఏది?"

"ఎడమది."

"నాకు కుడిదేమో అనిపించింది. సరేలే, నీకు తెలియదా."

ఇంకేముంది. అక్క గీత తుడిచింది, గీసింది, మళ్ళీ తుడిచింది. కొలతల చీటీ చూసింది, చూసిన మరుక్షణమే నమ్మకం పోయింది. వేళ్ళు నులుముకుంటూ చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు కత్తెర తీసింది. పట్టుకుపోలేదు. అక్క చేతిలో పెట్టింది.

"కత్తిరించెయ్యక్కా, పీడా పోతుంది."

అక్క కత్తిరించేసింది. దిగిన భుజం ఎడమదే, తగ్గించింది కుడివైపు. గుడ్డ ఇక ఎందుకూ పనికిరాదు.

ఓనరు అరవలేదు. "నీ చేతికి కత్తెర ఇవ్వొద్దని నీ చెల్లెలు ఎప్పుడో చెప్పిందమ్మా. నేనే వినలేదు. రేపట్నుంచి నువ్వు కాజాలు చూసుకో, కటింగు తను చూస్తుంది" అన్నాడు.

అప్పటికి గానీ అక్కకు అర్థం కాలేదు. డాక్టరమ్మ మాటలు చెల్లెలు ఇందుకోసమా అంత శ్రద్ధగా విన్నది! నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కాదూ. అక్కకు ఒళ్ళంతా మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

"నీ మంచికేనక్కా. ఈ వయసులో నీకీ టెన్షనెందుకు?" అంది చెల్లెలు, అక్క కళ్ళలోకి చూడకుండా.

"నా బుర్రని నేనే నమ్మనే. నిన్ను నమ్మాను."

చెల్లెలు అప్పటికే తర్వాతి గుడ్డ బల్ల మీద పరిచేసింది.